ఐదో మెలిక

ఆ రోజు పదిహేడో పెట్టె తలుపుకి తీగ నాలుగు మెలికలకి బదులు ఐదు మెలికలు పడింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆ చేతులు అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. ఆ ఒక్క మెలికా ఎవరి ప్రాణం మీదికి తెచ్చిందో తెలిసేసరికి మధ్యాహ్నం ఒంటిగంటయింది.

గూడ్సు యార్డులో ఆ చేతులు గల మనిషిని అందరూ ఠకఠకయ్య అంటారు. అసలు పేరు హాజరు వేసే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. సరుకు నింపిన రైలుపెట్టెల తలుపులు బిగించడం అతని ఉద్యోగం. వినడానికి అదీ ఒక పనేనా అనిపిస్తుంది. ఏదీ, ఒక్క పెట్టె బిగించి చూపించమనండి! ఆ ఇనప తలుపు పక్కకి జారే తలుపు. కింద పట్టాలాంటి గాడి ఉంటుంది. ఆ గాడిలో గుప్పెడు సిమెంటు పడిందంటే తలుపు మొరాయించిన ఎద్దులా కదలదు. ముందు గాడి ఊడ్వాలి. తర్వాత భుజం ఆనించి తొయ్యాలి. గొళ్ళెం కొక్కేనికి తగిలించాలి, దానిలో చీల దిగ్గొట్టాలి, చీల కన్నంలోంచి తీగ దూర్చి నాలుగు మెలికలు తిప్పాలి, కొసలకి సీసం బిళ్ళ పెట్టి పటకారుతో నొక్కాలి. ఒకసారి సీసం నొక్కాక ఆ తలుపు తీసే హక్కు సరుకు దిగే చోటివాళ్ళకే గానీ బిగించినవాడికి కూడా ఉండదు.

అందుకే అతనొక నియమం పెట్టుకున్నాడు. తలుపు తోసే ముందు ఇనప రేకు మీద పటకారుతో మూడు దెబ్బలు కొట్టి, "లోపలెవరు?" అని గట్టిగా కేకేస్తాడు. పది అంకెలు లెక్కపెడతాడు. తలుపు వేశాక ఏ చిన్న చప్పుడు వినపడినా సరే, సీసం నొక్కేసి ఉన్నా సరే, అధికారులు తిట్టినా సరే, తెరిచి చూస్తాడు. ఒకసారి పిల్లి కోసం తెరిచాడు. మూడు రోజులు యార్డంతా పడీ పడీ నవ్వింది. "నవ్వండ్రా నవ్వండి. ముప్పై ఏళ్ళలో నా పెట్టెలో చీమ కూడా ఇరుక్కోలేదు" అన్నాడు ఠకఠకయ్య. ఆ మాట అనేటప్పుడు అతని ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

హమాలీల మేస్త్రి అతనికి స్వయానా బావ. అక్క మొగుడు. పాతికేళ్ళుగా ఇద్దరూ ఒకే యార్డులో, ఒకే క్యారియరులో తిన్నవాళ్ళు. బావ పెట్టె నింపించాలి, బావమరిది తలుపు వెయ్యాలి. "నింపేది నేను, మూత పెట్టేది నువ్వు. నువ్వు లేకపోయినా డబ్బా డబ్బానేరా" అని బావ ఎగతాళి చేసేవాడు. "మూత లేని డబ్బాని కుక్క కూడా నమ్మదు బావా" అని ఇతను జవాబిచ్చేవాడు.

అలాంటి ఇద్దరికీ మూడు వారాలుగా మాటల్లేవు. కారణం వింటే నవ్వొస్తుంది. ఒకనాడు ప్లాట్‌ఫాం మీద ఇరవై మంది చూస్తుండగా ఇతను "బావా, ఈ తలుపు వేసెయ్యనా?" అని అడిగాడు. బావ అటు తిరిగి నిలబడ్డాడు, పలకలేదు. మళ్ళీ అడిగాడు. పలకలేదు. నాలుగోసారి గొంతు చించుకుంటే హమాలీలు కిసుక్కున నవ్వారు గానీ బావ మెడ తిప్పలేదు. సాయంత్రం ముఖాముఖి నిలదీస్తే, "నీ పిలుపులకి పలకడం తప్ప నాకు వేరే పనిలేదా?" అన్నాడు బావ. అంతే! ఇతనికి చుర్రుమంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఎడమొహం పెడమొహం. అప్పటి నుంచి బావ పెట్టెల దగ్గర ఠకఠకయ్య కేకెయ్యడం మానేశాడు. పిలిస్తే తాను దిగొచ్చినట్టవుతుందట! మూడు దెబ్బలు కొట్టి, మూతి ముడుచుకుని, పది లెక్కపెట్టి, తలుపు తోసేసేవాడు. హమాలీలు ఊరుకుంటారా? అతను అటు తిరగ్గానే ఎవడో ఒకడు పెట్టె మీద ఠక్ ఠక్ ఠక్ అని వెక్కిరించేవాడు. అది బావ చెప్పి చేయిస్తున్నదేనని ఇతని అనుమానం. అలకలకైనా ఒక హద్దూ అదుపూ ఉండొద్దూ!

ఆ రోజు పొద్దున్న బావ ముఠా ఐదు పెట్టెలు నింపింది. పదిహేడోది సిమెంటు బస్తాల పెట్టె. అవతలి వైపు తలుపు సరుకెక్కించక ముందే బిగించేశారు, ఎప్పుడూ అంతే. ఇవతలి తలుపు దగ్గరికి ఠకఠకయ్య వచ్చేసరికి ముఠా పద్దెనిమిదో పెట్టెకి వెళ్ళిపోయింది. గాడి ఊడ్చాడు. మూడు దెబ్బలు కొట్టాడు. కేక వెయ్యలేదు. పది లెక్కపెట్టాల్సింది ఏడుతో ఆపి తలుపు తోశాడు. గొళ్ళెం, చీల అయ్యాయి. తీగ చేతిలోకి తీసుకున్నాడు.

ఠక్. ఠక్. ఠక్.

పక్క లైనులో ఇంజను కూత పెడుతోంది. ఆ ఇనప పెట్టెకి ఎక్కడ తగిలినా అన్ని వైపులా మోగుతుంది. అవతలి పక్క నుంచి వెధవలు మళ్ళీ మొదలెట్టారనుకున్నాడు ఠకఠకయ్య. రెండు మెలికలు తిప్పాడు.

ఠక్. ఠక్. ఠక్.

ఈసారి ఇంకా గట్టిగా. ఇంకా కసిగా. ఇది మాత్రం బావ చెయ్యే అనుకున్నాడు. అనుకుని ఏం చేశాడు? పిల్లి కోసం సీలు తెంచిన మనిషి తన నియమాన్ని తానే గాలికొదిలేశాడు. "కొట్టుకో! బాగా కొట్టుకో! పిలిస్తే పలకనివాడికి నేను పలకాలా?" అని పళ్ళు కొరుకుతూ మూడు, నాలుగు తిప్పి, ఆ కసిలోనే ఐదో మెలిక కూడా తిప్పి, సీసం నొక్కి, పద్దెనిమిదో పెట్టె దగ్గరికి నడిచాడు. పదీ ముప్పావుకి బండి వెళ్ళిపోయింది.

ఒంటిగంటకి అక్క యార్డు గేటు దగ్గర కనిపించింది. మొహమంతా చెమట, చేతిలో ఆసుపత్రి చీటీ.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావేడిరా?"

"నన్నడుగుతావేంటి? నేనేమైనా ఆయనకి కాపలా కాస్తున్నానా?" అన్నాడు ఠకఠకయ్య.

"నీ కోపం తగలెయ్య! పదకొండుకల్లా ఆసుపత్రికి వస్తానన్నాడు. పన్నెండున్నర దాకా చూశాను. రాలేదు."

అటుగా పోతున్న హమాలీని పిలిచి అడిగారు. "మేస్త్రి పొద్దున్నే వెళ్ళిపోయాడు కదమ్మా. పదింటికి పనుంది, ఎవరూ వెతక్కండి అని చెప్పాడు. పదిహేడో పెట్టెలో మూలన దొంతర ఒరిగింది, అది సర్దేసి పోతానన్నాడు" అన్నాడు హమాలీ. చెప్పి వెళ్ళిపోయాడు పాపం, తానేం చెప్పాడో వాడికి తెలీదు.

పదిహేడో పెట్టె. ఠకఠకయ్య చేతిలోని పటకారు జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు.

"ఆసుపత్రి దేనికక్కా?" అన్నాడు.

అక్క కళ్ళు దించుకుంది. "నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. నాలుగు నెలలుగా మీ బావకి చెవులు వినపడట్లేదురా. ఎదురుగా నిలబడితే పెదాలు చూసి జవాబు చెబుతాడు. వెనక నుంచి బాంబు పేలినా తెలీదు. చెవిటి మేస్త్రి అని పని మానిపిస్తారేమోనని భయం. ఇవాళ చెవికి మిషను పెడతామన్నారు."

ఇరవై మందిలో నాలుగుసార్లు పిలిస్తే పలకని బావ. పొగరు కాదు, పంతం కాదు, ఏమీ కాదు. వినపడలేదంతే! దానికి తాను మూడు వారాలు మూతి ముడుచుకు కూర్చున్నాడు. బస్తాల వెనకున్న మనిషికి తన మూడు దెబ్బలూ తెలియలేదు. పెట్టెలో చీకటి పడ్డాకే తెలిసింది. అప్పుడు ఆ చెవిటి మనిషి తలుపు దగ్గరికి పరిగెత్తి, ఎలా కొడితే తన బావమరిదికి అర్థమవుతుందో అలా, మూడేసి దెబ్బలు కొట్టాడు.

నిట్టనిలువునా కూలిపోవాల్సినవాడు పరుగందుకున్నాడు. పట్టాలు, కంకర, సిగ్నలు తీగలు, ఏదీ చూసుకోలేదు. వెనకే అక్క, ఏమైందిరా, ఏమైందిరా అంటూ. స్టేషన్ మాస్టరు గదిలోకి దూసుకెళ్ళి బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

"బండి ఆపండి. పదిహేడో పెట్టెలో మనిషున్నాడు. మా బావ ఉన్నాడు."

గుమ్మంలో అక్క "అయ్యో!" అని ఒక్క అరుపు అరిచింది.

స్టేషన్ మాస్టరు ఫోను అందుకున్నాడు. ఒక స్టేషను దాటిపోయిందన్నారు. రెండోది కూడా దాటిందన్నారు. నాలుగో స్టేషన్లో ఎక్స్‌ప్రెస్సుకి దారివ్వడానికి బండి పక్క లైన్లో ఆగి ఉందన్నారు. అరగంటగా ఎర్రటి ఎండలో ఆగి ఉంది. గాలి చొరని ఇనప పెట్టె, లోపల సిమెంటు ధూళి.

"మీ బావ ముఠా ఐదు పెట్టెలు నింపింది కదయ్యా. పదిహేడులోనే ఉన్నాడని నీకెలా తెలుసు?" అన్నాడు స్టేషన్ మాస్టరు, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి.

"అదేనండీ. అందులోనే ఉన్నాడు."

"అదే, ఎలా తెలుసని?"

"హమాలీ చెప్పాడండీ" అన్నాడు ఠకఠకయ్య. అది నిజమే. కానీ సగమే.

ఫోను బల్ల మీద పెట్టి గట్టిగా వినపడేలా చేశారు. అవతల గార్డు కంకర మీద నడుస్తున్న చప్పుడు. "పదిహేడు... ఇదేనండి. సీలు సరిగ్గానే ఉంది. ఇదేంటండీ, దీనికి తీగ ఐదు మెలికలుంది, మిగతావాటికి నాలుగే?" అన్నాడు గార్డు. ఠకఠకయ్య తన కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకున్నాడు. తీగ తెగింది. చీల ఊడింది. తలుపు గరగరమని జారింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగేలా పట్టుకుంది. దేవుడా, ఈ ఒక్కసారికి, ఈ ఒక్కసారికి అని ఠకఠకయ్య పెదాలు కదులుతున్నాయి. తన మీదే తనకి అసహ్యం పుట్టి మిగతాది అడగలేకపోయాడు.

"ఉన్నాడండీ! తలుపు పక్కనే పడున్నాడు. ఊపిరుంది. నీళ్ళు, నీళ్ళు తెండయ్యా!" అని గార్డు కేకలు. ఎవరో పరిగెత్తారు. చాలాసేపు దగ్గు వినపడింది. దగ్గుతున్నది బావే. పాతికేళ్ళుగా తెలిసిన దగ్గు అది. అక్క కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడి చెయ్యి మాత్రం వదల్లేదు.

"చేతులు రెండూ చిట్లిపోయాయండి, కొట్టీ కొట్టీ. ఏదో చెబుతున్నాడు, వినండి" అన్నాడు గార్డు.

బావ గొంతు వచ్చింది. తనకి తాను వినపడని మనిషి గొంతు, పెద్దగా, మోటుగా. "మా బావమరిదిని ఏమీ అనకండి. వాడి తప్పేం లేదు. వాడు మూడు దెబ్బలు కొట్టే ఉంటాడు, కొట్టకుండా వాడు తలుపెయ్యడు. నాకే చెవుడు. దాచాను. వాడితో కూడా దాచాను. నేను లోపల నుంచి కొట్టింది ఇంజను రొదలో వాడికి వినపడి ఉండదు. వినపడితే తీసేవాడే. పిల్లి కోసం తీసినవాడు నాకోసం తియ్యడా?"

గదిలో అందరూ ఠకఠకయ్య వంక జాలిగా చూశారు. స్టేషన్ మాస్టరు లేచి వచ్చి భుజం తట్టాడు. "విన్నావుగా? గండం గడిచింది. నీ మీదికి రాకుండా నేను చూస్తాను. హమాలీ మేస్త్రికి వినికిడి లోపం, సీలు వేసినవాడి పొరపాటు లేదు, అని రాసేస్తున్నాను. ఇంటికెళ్ళి కాస్త పడుకో" అని రిపోర్టు కాయితం ముందుకి లాక్కున్నాడు.

"నా తమ్ముడు బంగారమండీ. చీమకి కూడా హాని చెయ్యడు" అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ.

పెన్ను కాయితం మీద నడుస్తోంది. ఇంకొక్క వాక్యం. ఆపైన సంతకం. మాట్లాడకుండా ఉంటే చాలు. ముప్పై ఏళ్ళ మంచిపేరు అలాగే ఉంటుంది. బావ రేపు మిషను పెట్టుకుని వస్తాడు, మళ్ళీ ఒకే క్యారియరులో తింటారు, ఎవరికీ ఏమీ తెలీదు.

"అలా రాయకండి" అన్నాడు ఠకఠకయ్య.

స్టేషన్ మాస్టరు తలెత్తాడు.

"వినపడనిది ఆయనకండీ. నాకు వినపడింది."

అక్క అతని మొహంలోకి చూసింది. అర్థం కానట్టు చూసింది, తర్వాత అర్థమై చూసింది. ఇంతసేపూ పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

"ఎన్నిసార్లు కొట్టాడు?" అని అడిగింది.

"ఆరు దెబ్బలక్కా. మూడేసి చొప్పున, రెండుసార్లు కొట్టాడు."