పదో పేరు

“ఒక్క సంతకమే కదా, ఎర్లీన్! దానికింత మౌనవ్రతం దేనికి?” అన్నాడు భర్త లూషస్, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని బూట్లకి పాలిష్ పెట్టుకుంటూ.

ఎర్లీన్ కొలార్డ్ ఆకుకూరని మూడో నీళ్లలో కడుగుతోంది. ఆ ఆకులో ఇసుక ఓ పట్టాన వదలదు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింది హాల్లో నల్ల పోలీసుల సంఘం మీటింగు ఉంది. ఇరవైమందికి ఆకుకూర, వేయించిన కోడి, మొక్కజొన్న రొట్టె ఆమె వంతు. ఆ మీటింగులో తేల్చబోయేది కూడా ఆమె సంగతే. ఆమెని కూర్చోబెట్టి, నీకొచ్చిన సార్జెంటు పదవి వదులుకోమని అడగబోతున్నారు. అడిగేవాళ్లకి వంట మాత్రం ఆమే చెయ్యాలి. ఇంతకన్నా విడ్డూరం ఎక్కడైనా ఉంటుందా అని ఒళ్లు మండిపోతోంది. మండుతున్నా సరే, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చూడకుండా ఉండలేకపోతోంది. అది ఇంకా మంటగా ఉంది.

అసలు ఆ పరీక్ష రాయాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. బెల్‌ఫోర్డ్ పోలీసుల్లోకి నల్లవాళ్లని తీసుకుని పంతొమ్మిదేళ్లయినా, ఈ పంతొమ్మిది వందల డెబ్భై నాలుగు దాకా వాళ్లలో ఒక్కడూ సార్జెంటు కాలేదు. సంఘంవాళ్లు నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగితే, జడ్జి చివరికి తీర్పిచ్చాడు. నల్లవాళ్లకి పరీక్ష పెట్టాలి, అందులో మొదట వచ్చినవాళ్లకే ఈ సార్జెంటు పదవి ఇవ్వాలి, అయితే కనీసం పదిమంది పరీక్షకి కూర్చోవాలి అని. సంఘం ఎంత గాలించినా తొమ్మిది పేర్లే తేలాయి. అప్పుడు సంఘం అధ్యక్షుడు మోజ్లీ, వెడల్పాటి టోపీ చేత్తో పట్టుకుని ఇంటికొచ్చాడు. “చెల్లెమ్మా, లెక్కకి పదోపేరుగా నువ్వు కూర్చో చాలు. జవాబులేం రాయక్కర్లేదు. కావాలంటే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చో” అన్నాడు. లూషస్ నవ్వి, “దాని పేరు నేను రాసేస్తాలే” అన్నాడు. రాసేశాడు కూడా.

వాళ్లు మరిచిపోయింది ఒకటుంది. ఆ తొమ్మిదిమందిలో ఒకడైన లూషస్ చేత ఈ పరీక్షకి చదివించింది ఆమే. పనినుంచి వచ్చి సోఫాలో వాలి, కాళ్లు వేడినీళ్ల బేసిన్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని “ఊఁ, అడుగు” అనేవాడు. బిస్కెట్ల డబ్బాల అట్టలు కత్తిరించి ప్రశ్నలు రాసింది ఆమె. చిక్కుడు గింజలు ఒలుస్తూ, బట్టలు మడతపెడుతూ, ఒక చేత్తో అట్ట పట్టుకుని అడిగింది ఆమె. నాలుగు నెలల్లో ఒక్కో అట్టా ముప్పైసార్లు అడిగి ఉంటుంది. లూషస్ నసుగుతుంటే జవాబు ఆమె నోటి చివరిదాకా వచ్చేది. ఒకసారి ఆపుకోలేక చెప్పేస్తే, “నిన్నడిగారా?” అని కసిరాడు. తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక కిటికీలోంచి చూడటానికి ఏముంది? ఎదురుగా ఇటుక గోడ. కాగితం చూస్తే అన్నీ తెలిసినవే కనిపించాయి. తెలిసిన జవాబు రాయకుండా ఖాళీగా వదిలేయడం ఆమెకి చేతకాలేదు.

ఫలితాలొచ్చాయి. ఎర్లీన్ మొదటిది, లూషస్ రెండోవాడు.

“ఎలా వచ్చింది?” అన్నాడు లూషస్ ఆ రోజు. బాగా రాశావన్న మాట ఆ నోటినుంచి రాలేదు. ఆఫీసులో డబ్బాలోంచి డబ్బులు పోయినప్పుడు అందరి మొహాలూ చూస్తూ అడిగే గొంతులా ఉంది అది. అత్తగారు ఐడెల్ ఊగుడు కుర్చీ ఆపి, “మొగుడి కంచంలో ముక్క తీసి నోట్లో వేసుకున్నావు కోడలా” అంది. ఆ కంచంలో ముక్క వండింది ఎవరో అడుగుదామనుకుంది ఎర్లీన్. అడిగితే మూడు రోజులు ఇల్లు ఇల్లులా ఉండదని ఊరుకుంది.

ఆఫీసు సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆమె పోలీసు. బిళ్ల ఉంది, తుపాకీ ఉంది, ఆరేళ్ల సర్వీసు ఉంది. చేసే పని మాత్రం దొరికిన ఆడవాళ్లని సోదా చేయడం, తప్పిపోయిన పిల్లల్ని ఊరుకోబెట్టడం, ఉదయం డ్యూటీ వాళ్లందరికీ కాఫీ కాచడం. బట్టలు మార్చుకునేది చీపుళ్లూ బకెట్లూ పెట్టే అరలో. మొదట్లో నల్ల పోలీసులని స్టేషన్లో యూనిఫాం కూడా వేసుకోనిచ్చేవాళ్లు కాదు, చర్చి గదిలో వేసుకుని వీధిలోకి వచ్చేవాళ్లు. లూషస్ ఆ మాట ఇప్పటికీ పదేపదే చెబుతాడు. ఇప్పుడు లూషస్‌కి తాళంతో సహా సొంత బీరువా ఉంది. ఎర్లీన్ చీపుళ్ల అరలోనే ఉందన్న సంగతి ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. మొన్న మోజ్లీ చొక్కా గుండీ ఊడితే, దానికోసం నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. “చెల్లెమ్మా, నీ దగ్గర సూదీ దారం ఉంటాయి కదా!” నిజంగానే ఉన్నాయి. అందుకే ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

ఆదివారం చర్చి హాల్లో భోజనాలు అవుతుండగానే మోజ్లీ లేచాడు.

“చెల్లెమ్మా, ఇది నీమీద కోపంతో అనేది కాదు. కూర అమృతంలా ఉంది, అది ముందు చెప్పాలి. కానీ ఆలోచించు. ఈ ఊరికి మొట్టమొదటి నల్ల సార్జెంటు. పేపర్లో ఫొటో పడుతుంది. మన పిల్లలు ఆ ఫొటో చూసి తలెత్తుకోవాలి. ఆడమనిషి ఫొటో వేస్తే తెల్లవాళ్లు ఏమంటారు? వీళ్లలో ఒక్క మగాడు దొరకలేదా అని నవ్వరూ? గురువారం మధ్యాహ్నం పన్నెండు లోపల కెప్టెన్ గదిలో ఒక్క సంతకం పెట్టావంటే పదవి లూషస్‌కి వస్తుంది. బయటివాడికి పోవడం లేదు కదా, మీ ఇంట్లోనే ఉంటుంది.”

“ఒకటడుగుతాను బ్రదర్” అంది ఎర్లీన్. “లూషస్ మొదటివాడూ, ఇదిగో ఈ హోరెస్ రెండోవాడూ అయ్యుంటే? హోరెస్‌కి ఐదుగురు పిల్లలు. లూషస్‌ని వదులుకోమనేవాళ్లా?”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వేరంతే. ముందు మన జాతి సంగతి తేలనీ తల్లీ. ఆ తర్వాత మీ ఆడవాళ్ల సంగతి చూద్దాం.”

“నాది ఏ జాతి, బ్రదర్?”

వెనక బల్ల దగ్గర హోరెస్ భార్య ఫక్కున నవ్వింది. హోరెస్ చూసేసరికి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. “నోరు, కోడలా, నోరు” అంది ఐడెల్. మోజ్లీ మాత్రం ఇంకో కోడి ముక్క వడ్డించుకున్నాడు.

ఇంటికెళ్తూ దారిలో లూషస్ కారు పక్కకి తీసి ఆపాడు. అత్తగారు హోరెస్‌వాళ్ల బండిలో వెళ్లిపోయింది, అందుకని ఇద్దరే ఉన్నారు.

“నీకెప్పుడూ చెప్పలేదు” అన్నాడు. “నేను చేరిన కొత్తలో, మిల్లు వీధిలో ఒక తెల్లవాడు తాగి నా నెత్తిమీద సీసా పగలగొట్టాడు. అప్పట్లో తెల్లవాణ్ణి మేం అరెస్టు చేయకూడదు. తెల్ల పోలీసుకి ఫోన్ చేసి, అతనొచ్చేదాకా వాణ్ణి కనిపెట్టుకుని ఉండాలి, అంతే. నలభై నిమిషాలు నిలబడ్డాను, ఎర్లీన్. రక్తం కళ్లలోకి కారుతోంది. వాడు గట్టుమీద కూర్చుని పాటలు పాడుతున్నాడు. ఆ తెల్ల పోలీసొచ్చి వాణ్ణి ఇంటి దగ్గర దింపాడు. నాకేం చెప్పాడో తెలుసా? టోపీ సరిగ్గా పెట్టుకో, జనం చూస్తున్నారు అన్నాడు.”

ఎర్లీన్ ఆయన చెయ్యి పట్టుకుంది. పదహారేళ్ల కాపురంలో ఆ నుదుటి మీది మచ్చ ఎక్కడిదని ఎన్నిసార్లడిగినా, మెట్లమీదనుంచి పడ్డానని చెప్పేవాడు.

“నీకు రావాల్సింది నేను తీసుకుంటున్నానని తెలుసు” అన్నాడు లూషస్. “తెలిసినా వద్దనలేకపోతున్నాను. అదే నాకు సిగ్గుగా ఉంది.”

ఆ మాటతో ఆమె సగం ఓడిపోయింది. కసిరితే ఎదిరించవచ్చు, వెటకారం చేస్తే రెండు అనవచ్చు. ఇలా కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం చేస్తుంది? సోమ, మంగళ, బుధ, మూడు రోజులూ అదే ఆలోచన. సంతకం పెట్టేస్తే పోలా? పంతొమ్మిదేళ్లు ఎదురుచూసిన మనిషి. తను ఆరేళ్లే కదా. అంతలోనే అనుమానం వచ్చేది. తను ఆరేళ్లే ఎదురుచూసిందా? పెళ్లయిన దగ్గర్నించీ ఈయన డ్యూటీ వేళలకి తగ్గట్టు లేస్తూ, ఈయన కోర్టు కేసుకి కేకులు కాల్చి అమ్మి చందాలు పోగేస్తూ గడిపిన ఏళ్లు ఎవరి ఖాతాలో పడతాయి? ఆయన బాధకి ఒక మచ్చ ఉంది, చూపించుకోవచ్చు. తనకి చూపించడానికేం ఉంది? ఇలా అనుకున్నందుకు మళ్లీ తనమీద తనకే విసుగు. బాధల్ని కూడా పోటీకి పెట్టాల్సి రావడమేంటని. గురువారం ఉదయం లేచేసరికి, సంతకం పెట్టేద్దామనే అనుకుంది. ఆలోచించి ఆలోచించి అలసిపోయింది, అంతకుమించి కారణం లేదు.

కెప్టెన్ బ్రాంట్ తెల్లవాడు, పొట్టిగా లావుగా ఉంటాడు. కోర్టు కేసులో నల్లవాళ్లకి సార్జెంటు పదవి ఇస్తే పోలీసు శాఖ కుప్పకూలుతుందని బైబిల్ మీద చెయ్యిపెట్టి సాక్ష్యం చెప్పినవాడు. ఎర్లీన్ వెళ్లేసరికి ఆయనా మోజ్లీ పక్కపక్కన కూర్చుని చేపల వేట గురించి కబుర్లాడుకుంటున్నారు. నాలుగేళ్లు కోర్టులో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్లు! లూషస్ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి పనిచేయడం, ఇన్నాళ్లకి ఈ ఒక్క గదిలో, తనని తప్పించే పనిలో జరిగిందనుకుంది ఎర్లీన్. నవ్వొచ్చింది గాని నవ్వలేదు.

“రా, ఎర్లీన్, కూర్చో” అన్నాడు కెప్టెన్. ఆరేళ్లలో ఆ గదిలో ఆమెకి కుర్చీ చూపించడం అదే మొదలు. “మీ ఇంటాయన అదృష్టవంతుడు. మా ఆవిడైతే ఇంత తెలివిగా ఉండేది కాదు.”

కాగితం ఆమె ముందుకి జరిపాడు. “మిసెస్ లూషస్ టాల్బర్ట్ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా ఇష్టంతో...” అని మొదలైంది.

“చూశావా చెల్లెమ్మా” అన్నాడు మోజ్లీ, వేలితో మొదటి మాట మీద తట్టి. “మిసెస్ అని వేయించాను. దానికోసం కెప్టెన్‌తో గంటసేపు వాదించాను.”

అది చిన్న విషయం కాదు. ఈ ఊళ్లో తెల్లవాళ్లు నల్ల ఆడవాళ్లని పేరుపెట్టే పిలుస్తారు. జుట్టు నెరిస్తే ఆంటీ అంటారు. మిసెస్ అన్న మాట తెల్ల ఆడవాళ్లకి మాత్రమే. ఎర్లీన్ తల్లి నలభై ఏళ్లు ఒకే కొట్లో సరుకులు కొన్నది. ఆ కొట్టువాడి నోట ఒక్కసారైనా మిసెస్ అనిపించుకోకుండానే చచ్చిపోయింది. ఆ మాట ఇవాళ అచ్చులో, పోలీసు శాఖ ముద్ర కింద, ఆమె కళ్లముందు ఉంది. కలం తీసుకుంది. కాగితం మొదటినుంచీ చివరిదాకా ఒకసారి చదివింది. ఇంకోసారి చదివింది. లూషస్ పేరుంది, మోజ్లీ పేరుంది, కెప్టెన్ పేరు రెండుసార్లుంది. ఎర్లీన్ అన్న మాట ఎక్కడా లేదు. ఎవరినో వెతుకుతున్నట్టు కాగితం వెనక్కి కూడా తిప్పి చూసింది.

“ఏమైంది?” అన్నాడు లూషస్.

“ఈవిడ ఆ పరీక్ష రాయలేదు” అంది ఎర్లీన్.

“ఎవరు?”

“ఈ మిసెస్ లూషస్ టాల్బర్ట్. రాసింది నేను.”

కెప్టెన్ గోడ గడియారం చూసి, తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. “ఓస్, అంతేనా! పేరు మార్చేస్తే సరిపోతుంది. పన్నెండుకి ఇంకా పావుగంట ఉంది.” ఇదివరకటి కాగితం తీసి చింపేశాడు. ఆ స్టేషన్లో ఎవరి రిపోర్టు టైపు చేయాలన్నా చేసేది ఎర్లీనే. ఈ ఒక్క కాగితమే ఆమెకి చెప్పకుండా ఎవరో రెండు వేళ్లతో కొట్టుకున్నారు. “నువ్వే కూర్చుని కొట్టెయ్, ఎర్లీన్. నీ చెయ్యి వేగం కదా. మోజ్లీ, ఆమెకి ఒక తెల్లకాగితం ఇవ్వు.”

మోజ్లీ కాగితం అందించాడు. లూషస్ వెళ్లి టైపు మిషను మీది గుడ్డ తీశాడు. ముగ్గురిలో ఒక్కరికీ అందులో తప్పేమీ కనిపించలేదు. ఆమె ముగ్గురి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. లూషస్ మొహం కాస్త ఎక్కువసేపు చూసింది. ఆయన కుర్చీ కూడా వెనక్కి లాగి పెట్టి, ఇక కూర్చో అన్నట్టు చూస్తున్నాడు.

ఎర్లీన్ కలం మూత పెట్టి బల్లమీద పెట్టింది.

“సార్జెంట్లు టైపు చెయ్యరు, కెప్టెన్ గారూ.”