లోహిత్ మొహం మాడాలి

మా టీమ్ లీడ్ లోహిత్‌ను అందరి ముందూ ఓడించాలి. ఆర్నెల్లుగా నాకు ఇంకో కోరిక లేదు. జీతం పెరగకపోయినా ఫరవాలేదు, ఆ మనిషి మొహం మాడితే చాలు.

మాదాపూర్‌లోని మా ఆఫీసులో ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోన్లలో పోకర్ అనే పేకాటను చిన్న టోర్నమెంట్‌గా ఆడతాం. డబ్బుల్లేవు, చిప్స్ అనే ఉత్తుత్తి పందెం బిళ్ళలే. పరువు మాత్రం నిజంది. సోమవారం లోహిత్ రెట్రో పెడతాడు. పోయిన వారం పనిలో ఏది బాగుంది, ఏది చెడింది అని మాట్లాడుకునే మీటింగ్ అది. అందులో ఒకరోజు నా ఓటమిని పెద్ద స్క్రీన్ మీద వేశాడు.

"చూడండి, భార్గవి గారు ఎలా దొరికిపోయారో! పోకర్ మీ వల్ల కాదండీ, హాయిగా ఆవకాయ కలుపుకోండి."

అందరూ నవ్వారు. నా పక్క సీటు సాయిలు కూడా. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మాది ప్రొద్దుటూరు, మాకు మరుపు తక్కువ.

అయితే వెక్కిరించే ఉత్సాహంలో లోహిత్ తెలివితక్కువ పని చేశాడు. రెట్రోలో చూపించినవన్నీ టీమ్ ఫోల్డర్‌లో పెట్టడం అతనికి అలవాటు. నా ఓటములతో పాటు తన ఆటలన్నీ, ముక్కలతో సహా, అందులోనే పడేశాడు.

వాటిని ఆట తప్పొప్పులు చెప్పే సాఫ్ట్‌వేర్‌లో వేశాను. ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు. లోహిత్ గుట్టు తొందరగానే దొరికింది. మంచి ముక్కలుంటే చిన్న పందెం కట్టి ఊరిస్తాడు. చెత్త ముక్కలుంటే చిప్సన్నీ తోసి బెదిరిస్తాడు. నా ఆటలు చూస్తే మాత్రం సిగ్గేసింది. మిగతా వాళ్ళతో అంతా పచ్చగా ఉంది, లోహిత్ ఎదురైన చోటల్లా ఎరుపు. కోపంతో ఏ ముక్కలున్నా అతని వెంటపడ్డాను. నన్ను సగం ఓడించింది నా ఒళ్ళుమంటే.

మూసాపేట నుంచి మెట్రోలో వచ్చేటప్పుడల్లా సాధన చేశాను. సాఫ్ట్‌వేర్ ముక్కలు పంచేది, నేను గెలవని ముక్కలను పడేసి ఆ పందెం వదులుకోవడం నేర్చుకునేదాన్ని.

ఆ శుక్రవారం ఫైనల్‌ను క్యాంటీన్ స్క్రీన్ మీద వేశారు. చివరికి లోహిత్, సాయిలు, నేను మిగిలాం. నాకు రాణుల జంట వచ్చింది. బల్ల మీద ఆసు పడగానే లోహిత్ చిన్న పందెం కట్టాడు. చేయి దురద పెట్టింది. అయినా పడేశాను.

"ఏంది అక్కా, గిట్ల భయపడ్తవు?" అన్నాడు సాయిలు.

"పాపం, వదిలేయండి. ఆవిడకి ఇంటికెళ్ళాలని ఉందేమో," అన్నాడు లోహిత్.

క్యాంటీనంతా గొల్లుమంది. నవ్విన నాపచేనే పండుతుందని లోపలే అనుకున్నాను.

ఆ నవ్వు లోహిత్ తలకెక్కింది. కాసేపటికే చిప్సన్నీ తోసేశాడు. నా దగ్గర ఆసు, ఎనిమిది ఉన్నాయి. చిప్స్ కూడా అతనికన్నా ఎక్కువే. ఈసారి కోపం రాలేదు, లెక్క సరిపోయింది. అతని పందేనికి సై అంటూ 'కాల్' నొక్కాను. అతని ముక్కలు తెరుచుకున్నాయి: తొమ్మిది, నాలుగు. బల్ల మీద ఒక్క ముక్కా అతన్ని ఆదుకోలేదు. లోహిత్ అవుట్! గంతులేయాలన్నంత సంతోషం వచ్చింది.

లోహిత్ లేచి నా ముందుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా దగ్గర ఏమీ లేదని ఎలా పట్టేశారండీ? కాస్త చెప్పండి."

జవాబు నాలుక చివరే ఉంది. చెబితే వచ్చే శుక్రవారానికి జాగ్రత్తపడతాడు.

"లోహిత్ గారూ, సాయిలుతో ఆట ఇంకా ఉంది. మీరు స్క్రీన్‌కు అడ్డంగా నిలబడ్డారు. పక్కకు జరగండి," అన్నాను.

జరిగాడు.