నడుముకు ట్రాక్టరు

పున్నమ్మ సంచి సర్దుతోంది. వంగే వీలు లేదు కాబట్టి సంచిని మంచం మీద పెట్టించుకుని, ఒక చేత్తో గోడ పట్టుకుని, ఒక్కొక్కటే అందులోకి జారవిడుస్తోంది. రెండు చీరలు, తువ్వాలు, స్టీలు గ్లాసు, గోంగూర పచ్చడి డబ్బా. నల్ల రెగ్జిన్ సంచి అది. ఆరేళ్ల కిందట మొగుడు బుల్లయ్యకు గుండెనొప్పి వస్తే గుంటూరు ఆసుపత్రికి పంపడానికి కొన్నది. ఆ తర్వాత అటక మీంచి దించడం ఇదే.

"ఈ సంచి వద్దే రహిమున్నీసా. ఇది మంచిది కాదు."

"జిప్పు బాగానే ఉందిగా వదినా!" అంది పక్కింటి రహిమున్నీసా. పున్నమ్మ భయం ఏమిటో తెలిసే అలా అంది.

రహిమున్నీసా ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. అలా పుట్టినవాళ్లు తొక్కితే పట్టేసిన నడుం వదులుతుందని ఊళ్లో నమ్మకం. అందుకే ఆమె అరుగు మీద బోర్లా పడుకోని మనిషి ఆ ఊళ్లో లేడు. పత్తితీతలో ఒడి నిండా బరువుతో వంగినప్పుడు పున్నమ్మ నడుం కలుక్కుమంటే తనే తొక్కింది. ఈసారి పట్టు వదల్లేదు సరిగదా, నొప్పి పిక్కదాకా దిగింది. అందుకే ఇద్దరూ గుంటూరు ఆసుపత్రికి బయల్దేరారు.

బస్సు దగ్గరికి ముఠా మేస్త్రి శివపార్వతి వచ్చింది. కూలీలకు సాళ్లు పంచేది ఆవిడే.

"వెన్నుపూస మీద డాక్టరు చెయ్యి పడితే మళ్లీ లేవరంట పున్నమ్మత్తా! ఎందుకొచ్చిన తంటా? మిరప కోతల్లో నీ సాలు ఇంకొకళ్లకిస్తాలే. నువ్వు కళ్లంలో కూర్చుని తొడిమలు తీసుకో."

తొడిమలు తీయడం ముసలమ్మల పని. పున్నమ్మ ఎప్పుడూ ముందు సాలు మనిషి.

"నా సాలు జోలికొచ్చావంటే చూసుకో!" అని అరిచింది గానీ, బస్సు కదిలాక సంచిని ఒళ్లో గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.

గుంటూరులో పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసి ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడ శ్రీరమ్య అనే అమ్మాయి పున్నమ్మను పడుకోబెట్టి కాలు ఎత్తించి చూసింది.

"డిస్కు కాస్త జరిగి నరాన్ని నొక్కుతోంది. ఆపరేషన్ అక్కర్లేదమ్మా. వేడి కాపడం, కరెంటు, ట్రాక్షన్ పెడతాను."

పున్నమ్మ మోచేతుల మీద లేవబోయింది. "ట్రాక్టరా! నడుముకా?"

"మా వదిన పెద్దదైపోయింది తల్లీ," అంది రహిమున్నీసా చేతులు జోడించి. "ఎడ్లబండితో సరిపెట్టలేమా?"

శ్రీరమ్య నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "ట్రాక్టరు కాదు, ట్రాక్షన్! రొమ్ముకింద ఒక బెల్టు, నడుముకొక బెల్టు కట్టి మెల్లగా లాగుతాం."

"లాగేదైతే ట్రాక్టరేగా," అంది పున్నమ్మ.

రహిమున్నీసా గొంతు తగ్గించింది. "నేను తొక్కానమ్మా. నావల్లేనా?"

"అని చెప్పలేం. కాలికి దిగే నొప్పికి మాత్రం ఇంకెవర్నీ తొక్కకండి."

బెల్టులు బిగిశాయి. మెషిను నెమ్మదిగా లాగింది. బుల్లయ్య కూడా ఇలాగే పైకప్పు చూస్తూ పడుకుని ఉంటాడనిపించి పున్నమ్మ రహిమున్నీసా చెయ్యి దొరకబుచ్చుకుంది. కాసేపటికి పిక్కలో బిగుసుకున్న తాడేదో ఒక పేట సడలినట్టయింది. ఒక్క పేటే. అయినా పున్నమ్మకు ఏడుపొచ్చింది.

గుంటూరులోనే ఉండే రహిమున్నీసా చెల్లెలు జుబేదా ఇంట్లో మకాం పెట్టి రోజూ వెళ్లారు. నొప్పి పిక్క వదిలి తొడకొచ్చింది, తొడ వదిలి నడుం దగ్గర ఆగింది. అలా పైకెక్కుతోందంటే తగ్గుతున్నట్టేనంది శ్రీరమ్య. బోర్లా పడుకుని పాము పడగెత్తినట్టు లేవడం నేర్పింది. కోతలో ఒడి సగం నిండగానే దింపమంది. నడుం కాదు, మోకాళ్లు వంచమంది. సాలు చివరికి చేరగానే చేతులు నడుంమీద పెట్టి వెనక్కి వాలమంది.

పుష్యంలో మిరప ఎర్రబడింది. పున్నమ్మ పైట బిగించి నేరుగా ముందు సాల్లోకి వెళ్లి నిలబడింది. శివపార్వతి పక్క సాల్లోకి జరిగింది. సగం సగం ఒడి దింపుతూ, మోకాళ్ల మీద దిగుతూ లేస్తూ, పున్నమ్మ అందరికంటే ముందు గట్టు చేరింది. చేతులు నడుంమీద పెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి నిలబడింది.

"ఏంటత్తా, విమానం వెతుకుతున్నావా?" సాలు మధ్యలోంచి కేకేసింది శివపార్వతి.

"నిన్నే వెతుకుతున్నా! ముందెక్కడా కనపడకపోతేనూ!"

చేనంతా గొల్లుమంది. రహిమున్నీసా అయితే కాయలు ఒలికిపోయేలా నవ్వింది. ఆ సాయంత్రానికి ముఠా మొత్తం గట్టు చేరగానే వెనక్కి వాలడం మొదలుపెట్టింది. శివపార్వతి కూడా. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'ట్రాక్టరు'. "ఆగవే, ట్రాక్టరు వేసుకుని వస్తా" అనేవారు.

ఆ నల్ల సంచి మళ్లీ అటక ఎక్కలేదు. పున్నమ్మ అందులోనే అన్నం క్యారేజీ పెట్టుకుని చేలోకి వెళ్లేది, చీకటి పడేలోపు దాంతోనే ఇంటికొచ్చేది.

బుల్లయ్య మాత్రం తిరిగి రాలేదు. వెళ్లొస్తానని చెప్పి ఆ సంచితోనే బస్సెక్కి, పంతొమ్మిది వందల తొంభయ్యారు కార్తీకంలో గుంటూరులోనే పోయాడు.