ఒక్క ఎల్ తక్కువ

బావ కట్టిన డేటాబేస్‌లో ఇంగ్లీషు స్పెల్లింగులు చూస్తే మరదలికి నవ్వాగేది కాదు.

"బావా, అలర్జీకి రెండు ఎల్‌లుంటాయి. నువ్వు ఒక్కటే పెట్టావు. రెండోది ఎవరికి దానం చేశావు?"

"నీకే. నాలుకకి తగిలించుకో, ఇంకాస్త పొడుగవుతుంది," అన్నాడు బావ తలెత్తకుండా.

టైర్ల కొట్టు మీద రెండు గదులు, ఇద్దరే మనుషులు. ఇళ్లకు వెళ్లి ఇంజెక్షన్లు చేసే నర్సుల ఫోన్లలో వీళ్ల యాప్ ఉంటుంది. పేషెంటు కార్డులన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. ఇక్కడ ఒక్క అక్షరం మారిస్తే ప్రతి నర్సు చేతిలోనూ రెప్పపాటులో మారిపోతుంది. బావ గర్వమంతా అదే.

ఆ డేటాబేస్‌కి ఆమె ఇప్పుడు ఒక మ్యాపింగ్ లైబ్రరీని కలుపుతోంది. క్లౌడ్‌లోని కార్డును ప్రోగ్రాంలో ఆబ్జెక్టుగా మార్చడం, సేవ్ చేయమంటే మళ్లీ కార్డుగా మార్చి పంపడం దాని పని. కార్డులోని గడుల పేర్లు రెండువైపులా అచ్చు గుద్దినట్టు ఒకటే ఉండాలి. పేరు కలవని గడి దాని కంటికి ఆనదు. ఆనని గడిని తిరిగి రాయదు కూడా.

"పేర్ల జోలికి పోకు తల్లీ," అన్నాడు బావ బ్యాంకు పనిమీద బయల్దేరుతూ. "వంకరగా ఉంటే వంకరగానే దింపు. నేనొచ్చాక కలిసి నడుపుదాం."

"సరే సరే, నువ్వెళ్లు. బ్యాంకులో సంతకమైనా తప్పుల్లేకుండా పెట్టు!"

అలర్జీ గడి దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. చూస్తూ చూస్తూ ఆ తప్పును మళ్లీ తన చేత్తో రాయడానికి మనసొప్పలేదు. రెండో ఎల్ కొట్టింది.

ముందు ఒక్క కార్డుతో పరీక్షించాలి. అది ఆమెకు తెలుసు. కానీ బావ వచ్చేసరికి పని పూర్తి చేసి చూపించాలని ఆరాటం. అన్ని కార్డులనూ ఒకేసారి తెచ్చి, సేవ్ నొక్కింది. ఎక్కడా ఎర్రర్ లేదు. హాయిగా ఒళ్లు విరుచుకుంది.

ఫోన్ మోగింది. ఓ నర్సు.

"అమ్మాయ్, లిఫ్టు మెకానిక్ గారింట్లో ఉన్నాను. డాక్టరు రాసిన ఇంజెక్షనే చేశాను. మొహం వాచిపోతోంది, ఊపిరాడటం లేదు. పడని మందులేవీ లేవనేగా కార్డు చూపించింది!"

"అంబులెన్సు..."

"పిలిచాను. దారిలో ఉంది."

మెకానిక్ కార్డు తెరిచింది. పెన్సిలిన్ పడదు అని ఉండాల్సిన గడే లేదు. పక్క కార్డులోనూ లేదు. ఆ పక్కదాంట్లోనూ లేదు.

బావ పరుగున వచ్చి, బ్యాకప్ నుంచి గడులన్నీ తిరిగి తెచ్చాడు. "పేరు మార్చావా?" అని ఒకే ఒక్క మాట అడిగాడు. ఆమె మొహం చూశాక ఇంకేమీ అడగలేదు.

ఆసుపత్రిలో మెకానిక్‌ని వెంటిలేటర్ మీద పెట్టారు. ప్రాణానికి భయం లేదు, స్పృహ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. ఆయన కూతురు వరండాలో వీళ్లకు అడ్డంగా నిలబడింది.

"ఎవరు తీసేశారు ఆ మాట?"

"నేనేనమ్మా," అన్నాడు బావ. "ప్రోగ్రాం నాది."

మరదలి నోటిదాకా వచ్చింది. 'కాదు, నేను.' రెండే ముక్కలు. ఆ కూతురు బావను తిట్టినంతసేపూ ఆమె గోడకున్న స్విచ్చులనే చూస్తూ నిలబడింది.

ఆ సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గర అక్క మొగుణ్ని అందుకుంది.

"అంత కళ్లు మూసుకుని ఎలా చేశావయ్యా? నీ అజాగ్రత్తకి ఒక మనిషి ప్రాణం పోయేదిగా! పాపం, ఇదేమో పొద్దస్తమానం నీ తప్పులు దిద్దలేక చస్తోంది."

బావ కంచంలోంచి తలెత్తలేదు. మరదలి వైపు చూడనూ లేదు. చూసుంటే చెప్పేసేదేమో.

"ఇంకొంచెం వడ్డించనా?" అనడిగింది అక్క, చెల్లెలి వీపు నిమురుతూ.

ఆమె సరేనన్నట్టు తల ఊపింది.