సమాధుల తోట గేటు

నేను ఒక సమాధుల తోట కోసం పుట్టిన ఇనుప గేటును. పాత తోటలో చోటు చాలక, గుంటూరు శివార్లలో మూడు సంఘాలవాళ్ళు కలిసి ఆ స్థలం కొన్నారు. వెల్డింగు షాపులో నా రెండు రెక్కల మీదా సిలువలు పెట్టించారు. నన్ను నిలబెట్టిన రోజు ముగ్గురు పాస్టర్లూ వచ్చి ప్రార్థన చేశారు. బతికుండగా ఒక బల్ల మీద కూర్చోనివాళ్ళు చచ్చాక పక్కపక్కన పడుకుందామనుకోవడం నాకు ముచ్చటేసింది.

నాలోంచి మొదట శవపెట్టెలో లోపలికి వెళ్ళింది దానియేలు. మిర్చి యార్డులో బస్తాలు మోసేవాడు. ఆఖరూ అతనే. చుట్టూ కొత్తగా ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు, కిటికీ తీస్తే సమాధులా అని గొడవపెట్టి ఇక ఎవరినీ పాతిపెట్టనివ్వలేదు. ఆ తరువాత నన్ను తెరిచే మనిషి ఒక్కతే, అతని భార్య సువార్తమ్మ. ఆదివారం ఆరాధన కాగానే వచ్చేది. గడి తీసేముందు చెంగుతో నా మీది దుమ్ము తుడిచేది. సమాధి పక్కన చతికిలబడి అతనికి ఆ వారం సంగతులన్నీ చెప్పేది. వాటిలో సగం ఇంటి యజమానుల సంగతులే. నీళ్ళు ఎక్కువ వాడావన్నారని, అద్దె పెంచారని, కులం తెలిసి ఖాళీ చేయమన్నారని.

ఆమెలాంటివాళ్ళు మూడు సంఘాల్లోనూ ఉన్నారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు గుడిసెలు పోగొట్టుకున్నవాళ్ళు, అద్దెలకు తట్టుకోలేక ఊరికి దూరంగా జరిగిపోతున్నవాళ్ళు. చివరికి జ్ఞానసుందరంగారనే పెద్ద పాస్టరు మిగతా ఇద్దరినీ కూర్చోబెట్టి, ఊరికే పడివున్న ఈ స్థలంలో వీళ్ళకు ఇళ్ళు కడదామన్నారు. ఆశ్చర్యం, అందరూ ఒప్పుకున్నారు. అడ్డు ఒక్కటే. సమాధి ఉండగా ఇళ్ళకు అనుమతి రాదట.

జ్ఞానసుందరంగారు నా దగ్గరే నిలబడి సువార్తమ్మను అడిగారు.

"అమ్మా, దానియేలును పాత తోటలో వాళ్ళమ్మ సమాధిలోకి మారుద్దాం. ప్రార్థన పెట్టి మర్యాదగానే చేద్దాం. నువ్వు సరేనంటేనే."

ఆమె నా ఊచ పట్టుకుంది.

"బతికున్నన్నాళ్ళూ కొంపలు మారతానే ఉన్నాడయ్యగారూ. సామానంతా ఆ భుజాన్నే మోశాడు. ఇప్పుడు గూడా ఖాళీ చెయ్యమని నేనే చెప్పాలా?"

ఆయన తల దించుకుని వెళ్ళిపోయారు. మరుసటి ఆదివారం ఆమే ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చింది.

"తియ్యండయ్యా. పిల్లలున్నోళ్ళు వానకి తడుస్తన్నారు."

దానియేలును తీసుకెళ్ళిన రోజు నన్ను బార్లా తెరిచారు. ఆమె పెట్టె వెంటే నడిచింది, వెనక్కి చూడలేదు.

వరసగా ఇళ్ళు లేచాయి. ముగ్గురు పాస్టర్లూ ఇటుకలు అందించారు, అంతకంటే ఎక్కువగా ఫొటోలు దిగారు. సువార్తమ్మకూ ఒక ఇల్లు వచ్చింది. ఇంకా సగం స్థలం మిగిలింది. ఇల్లు రానివాళ్ళు నా ఊచల సందుల్లోంచి ఆ ఖాళీ చూసి, "మనయ్యి ఎప్పుడు కడతారంట?" అని అడిగేవారు.

"ఎండలు పోనీ, మొదలెడతారు" అని ఆమె ధైర్యం చెప్పేది.

ఎండలు పోయాయి. జ్ఞానసుందరంగారికి వేరే ఊరు బదిలీ అయింది. ఇళ్ళు ఎవరి పుణ్యమా అని వచ్చాయన్న వాదన మొదలైంది. ఏ సంఘంవాళ్ళకు ఎక్కువ దక్కాయన్న కొట్లాట దాని వెనకే వచ్చింది. చివరికి మిగిలిన స్థలాన్ని మూడు ముక్కలు చేసి, ఎవరి ముక్కలో వాళ్ళు ప్రార్థన హాలు కట్టుకుందామని తేల్చారు. ముగ్గు పోసి కొలుస్తుంటే సువార్తమ్మ పరుగున వచ్చింది.

"నా మనిషిని తియ్యమంటే తీశాను. మీరు ఈ గోడలు మానుకోలేరా అయ్యగారూ?"

కొత్త పాస్టరు టేపు చుట్టుకుంటూ, "నీకు ఇల్లొచ్చింది కదమ్మా" అన్నాడు.



గోడలు లేచాయి. ఎవరి గేటు వాళ్ళు పెట్టుకున్నారు. నాతో పనిలేక పాత ఇనుము కొట్టుకు అమ్మేశారు. నన్ను ట్రాలీ ఎక్కిస్తుండగా, ఎవరో ఖాళీ చేయించిన కుటుంబం ఒకటి గ్యాసు బండతో, గిన్నెల మూటతో వచ్చి ఆ గోడల ముందు నిలబడిపోయింది. సువార్తమ్మ ఆ మూట అందుకుని తన వరండాలో చాప పరిచింది. ట్రాలీ కదిలింది.

హాళ్ళకు శ్లాబులు పడ్డాయని తరువాత ఈ కొట్లోనే విన్నాను. మూడూ విశాలంగా వచ్చాయట. ఆరాధన ఉన్న పూట తప్ప వాటికి తాళాలేనట.