యజమాని సంతకం

నాకు డిగ్రీ లేదు. ఈ సంగతి మా బావ వచ్చిన ప్రతి మనిషికీ మంచినీళ్ళతో పాటు అందిస్తుంటాడు. "మా మరదలండీ. పాపం, చదువబ్బలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇలా వస్తుంటుంది" అంటాడు. అలా ఊరికే కూర్చోలేకే ఆయన ఆసుపత్రులకి అమ్ముకుంటున్న సాఫ్ట్‌వేరంతా నేను రాశాను. రోగుల వరస, మందుల బిల్లు, ఏ గది ఖాళీగా ఉందో చూపే తెర, అన్నీ నావే. పేరు మాత్రం ఆయనది.

అక్కావాళ్ళింటి ముందుగదే ఆఫీసు. పన్ను కలిసొస్తుందని కంపెనీని అక్క పేరున పెట్టాడు మహానుభావుడు. అక్క చేసే పనల్లా బావ వేలు పెట్టి చూపిన చోట సంతకం గీకడం.

ఇంతలో వేరే దేశంలో నాకు ఉద్యోగం వచ్చింది. డిగ్రీ లేకపోయినా వీసాకి దారుందట, చేసిన పనినే చదువుగా లెక్కగడతారట. నేనేం చేశానో యజమాని వివరంగా రాసి సంతకం పెడితే చాలని వీసా పని చూసే లాయరమ్మ చెప్పింది. సోమవారం దాటితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది.

బావ రాసిచ్చాడు, ఎంత మంచివాడో! 'ఈ అమ్మాయి నెమ్మదస్తురాలు. పెద్దలంటే భయభక్తులు. ఇంటిపనిలోనూ చురుకు.'

లాయరమ్మ చదివి, "సంబంధం బావుందమ్మా, అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. నేను చేసిన పనంతా నేనే టైపు చేసి బావ ముందు పెట్టాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇదంతా నువ్వే చేశావని రాసిస్తే, మరి నేనేం చేసినట్టు?"

ఎన్నాళ్ళనుంచో నన్ను తొలిచేస్తున్న అనుమానమూ అదే.

కాగితం లాక్కుని సరాసరి వంటింట్లోకి వెళ్ళాను. అక్క అలవాటు కొద్దీ చెయ్యి తుడుచుకుని, "ఎక్కడ పెట్టాలే?" అంది.

"ముందు చదువు."

ఆ మాట ఆమెతో ఎవరూ ఎప్పుడూ అన్నట్టు లేదు. స్టవ్ ఆపి, స్టూలు మీద కూర్చుని ఆఖరిదాకా చదివింది.

"ఇంత చేశావా? ఆయన దగ్గర నేర్చుకుంటున్నావనుకున్నానే!" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నువ్వెళ్ళిపోతే నాకిక్కడ ఎవరున్నారే" అంటూనే పెన్నందుకుంది. అక్కడే నాకూ ఏడుపొచ్చేసింది.

బావ గుమ్మంలోకి వచ్చాడు. "ఏంటది? నన్నడక్కుండా సంతకాలేంటి?"

అక్క తలెత్తలేదు. సంతకం పెట్టి, దాని కింద 'యజమాని' అని నిదానంగా రాసింది.

"మిమ్మల్నెందుకండీ అడగడం? మీరు పనిచేసేది నా దగ్గరేగా" అంది.