ఈడ్చిన పడవ

కనక మామ్మ కొండమీద ఎవరినీ తక్కువ చేసి మాట్లాడే మనిషి కాదు. గడపలోకొచ్చిన కుక్కనైనా తల్లీ అని పిలిచి మరీ వెళ్ళగొడుతుంది. అలాంటి మనిషికి కూడా దుర్గాప్రసాద్‌ని చూస్తే నోట్లో చేదు తగిలేది.

విశాఖపట్నం నుంచి వచ్చి అరకు దగ్గర గుడారాల క్యాంపు పెట్టిన పెద్దమనిషి అతను. కాళ్ళకి కొండలెక్కే బూట్లు, నడిచేది మాత్రం జీపు దాకా. కర్ర చట్రానికి తోలు బిగించి చేసే సన్నటి పడవ ఒకటి ఫోన్లో చూశాడట. కయాక్ అంటారట. మనమూ ఒకటి చేసి, సముద్రపు కెరటాలకి ఎంత గట్టిగా ఆగుతుందో వీడియో తీసి చూపిస్తే క్యాంపుకి పేరొస్తుందన్నాడు.

చట్రం కట్టింది కనక. వెన్నెల రోజుల్లో నరికిన వెదురుకి పురుగు పడుతుందని చీకటి రోజులదాకా ఆగి, తన పెరటి పొదలోనే నరికింది. బద్దలు చీల్చి, సెగ మీద వంచి, అడ్డతీగ నారతో కట్లు కట్టింది. దుర్గాప్రసాద్ మేకులు పంపితే, మేకు పడ్డచోట బద్ద కదలదనీ, కదలని బద్ద కెరటానికి చీలిపోతుందనీ చెప్పి తిప్పి పంపేసింది. అతను ఆ చట్రానికి తోలు బదులు నైలాన్ గుడ్డ బిగించి, పసుపు రంగు పూయించాడు. ఆ రంగు ఆరకముందే పడవంతా తానే చేసినట్టు ఊరంతా చెప్పుకున్నాడు.

తెడ్డు వేయడానికి కనక మనవరాలు గాయత్రిని తీసుకున్నాడు. గెడ్డ నీళ్ళలో ఈది పెరిగిన పిల్ల, అతని క్యాంపులో గిన్నెలు కడుగుతోంది. వీడియో బాగా వస్తే పడవలు నేర్పే పని ఇస్తానన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి గాయత్రికి వేరే ధ్యాస లేదు. కనక కూడా ఆ పిల్ల వెంట జీపెక్కి, ఘాటీ దిగి, భీమిలి సముద్రానికొచ్చింది.

మొదటి కెరటానికి పడవ ముక్కు లేచింది, నడుం మెలితిరిగింది. విరిగిందనే అనుకున్నారంతా. బుట్టని నొక్కి వదిలినట్టు మళ్ళీ చక్కగా సాగిపోయింది. దుర్గాప్రసాద్ కెమెరా ముందుకెళ్ళి తన డిజైన్ గురించి పావుగంట చెప్పాడు.

తర్వాత దాన్ని తాడు కట్టి, క్యాంపు కుర్రాళ్ళతో గుల్లల ఇసుక మీద ఈడ్పించాడు. కొండల్లో ఏ బరువునీ ఈడవరండీ. కట్టెలైనా, జ్వరమొచ్చిన మనిషినైనా మోసుకునే వెళ్తారు. మోద్దామంది కనక. మోస్తే చూసేవాళ్ళు బలం లేని పడవనుకుంటారన్నాడు ఆ తెలివైనవాడు. నాలుగుసార్లు ఈడ్పించాడు, చచ్చిన దూడని ఈడ్చినట్టు.

మధ్యాహ్నానికి సముద్రం పోటెత్తింది. ఇప్పుడే అసలైన వీడియో అని అతను గాయత్రిని ఎక్కమన్నాడు. ఎక్కబోతున్న పిల్లని కనక చెయ్యి పట్టుకుని ఆపింది. ఆనపబుర్రలో అంబలి పట్టుకెళ్ళేముందు కొండలో ఎవరైనా కారుతుందేమోనని నీళ్ళు పోసి చూస్తారు. ఆమె కూడా పడవని ఒడ్డునున్న రెండు తెప్పల మధ్య ఎత్తి పెట్టించి, బకెట్లతో లోపల నీళ్ళు పోసింది.

"ఏటి సేత్తన్నావు మామ్మా? పడవలో నీళ్ళు పోత్తారేటి?" అన్నాడు దుర్గాప్రసాద్, ఆమె యాసనే వెక్కిరిస్తూ. ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి, మధ్య బద్ద వెంట ఇసుక రాపిడికి రంగు చెరిగిపోయిన చోట చుక్కలు దిగాయి. గాయత్రి అక్కడ బొటనవేలు ఆనించింది. వేలు సగం దాకా లోపలికి దిగిపోయింది.

ఈమాత్రానికే భయమా, టేపు వేస్తే సరి అన్నాడతను. కనక తెడ్డు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"అయితే టేపేసి నువ్వెక్కు బాబూ. మేం సూత్తాం."

అతను కెరటాల వైపు చూశాడు. తనకి నడుం నొప్పనీ, డాక్టరు తడవొద్దన్నాడనీ చెప్పాడు. కెమెరా తిరుగుతూనే ఉందని అప్పుడు గుర్తొచ్చి, తీస్తున్న కుర్రాణ్ణి ఆపమన్నాడు. ఆ కోపం గాయత్రి మీదికి తిప్పాడు. ఇప్పుడు ఎక్కకపోతే నేర్పే పని ఇంకొకళ్ళకి పోతుందన్నాడు.

గాయత్రి పడవ వైపోసారి, అతని వైపోసారి చూసింది. ఆ పని మీద ఎంత ఆశ పెట్టుకుందో కనకకి తెలుసు.

"గిన్నెలు కూడా ఇంకెవల సేతనైనా కడిగించుకోండి సార్," అంది గాయత్రి.

పడవ తనదనీ, దాన్ని ముట్టుకోవద్దనీ అరిచాడు దుర్గాప్రసాద్. కనక ఒక వలవాడి దగ్గర కత్తి అడిగి తీసుకుని, కుట్టు పొడవునా కోసి, గుడ్డంతా ఒలిచేసింది. కోక మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి అతని చేతుల్లో ఉంచింది.

"గుడ్డ నీది. ఎదురుబద్ద నాది."

గాయత్రి అప్పటికే చట్రం ఒక కొస భుజానికెత్తుకుని, బస్సు ఎళ్ళిపోద్ది, రెండో కొస బేగి ఎత్తమని మామ్మని తొందరపెడుతోంది.